పది నిమిషాల ఊపిరి

నాలుగో ర్యాకు ఈ రోజు కూడా ఊపిరి నిలపలేదు.

గాలి ఎక్కించి వాల్వు కట్టేశాక గేజి ముల్లు పది నిమిషాలపాటు ఎర్రగీత పైనే నిలబడాలి. మూడో నిమిషం దాటకుండానే అది జారడం మొదలుపెట్టింది. అతను చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు. పట్టణం నీళ్ళ ప్లాంటులో పొద్దున ఆరింటికి షిఫ్టు ఎక్కినవాడు, పదకొండు దాటినా ఒక్క క్షణం కూర్చోలేదు. తోటి ఆపరేటరు రాకపోవడంతో ఇద్దరి పని ఒక్కడి నెత్తిన పడింది. ఎండలకు ఏరు సన్నబడి చిక్కటి బురద నీళ్ళు వస్తున్నాయి. ఎనిమిది ర్యాకుల్నీ అరగంటకోసారి ఎదురునీళ్ళు పెట్టి కడగాల్సి వస్తోంది.

ర్యాకంటే నిలువుగా నిలబెట్టిన అరవై గొట్టాలు. ఒక్కో గొట్టంలో తొమ్మిది వేల తెల్లటి పోగులు, కుట్టుదారం కంటే కాస్త లావు, లోపల బోలు. పోగు గోడకు కంటికి ఆనని రంధ్రాలుంటాయి. వాటిలోంచి నీళ్ళు దూరతాయి గాని బురదా, రోగాలు తెచ్చే క్రిములూ దూరలేవు. మెంబ్రేను అంటే ఇంతే. తడిసిన పోగు గాలిని కూడా పోనివ్వదు కనక, గాలి నిలిచిందంటే పోగులన్నీ బాగున్నట్టు, జారిందంటే ఎక్కడో తెగినట్టు. ఈ పరీక్షకు కంపెనీ పుస్తకంలో మూరెడు పొడుగు పేరుంది. దాన్ని మొదటినుంచి చివరిదాకా పలికినవాడు ఈ హాల్లో లేడు. పనివాళ్ళు ఊపిరి పరీక్ష అంటారు.

అతను కంప్రెసరు ఆపి, ఒక గొట్టం తల దగ్గరున్న అద్దపు ముక్కకు చెవి ఆనించాడు. బుడబుడ. పక్క గొట్టానికి ఆనించాడు. అక్కడా బుడబుడ. నిన్న మూడు గొట్టాల్లో వినిపించింది, ఇవాళ ఐదింట్లో వినిపిస్తోంది.

ఇసుక ఫిల్టర్ల కాలం నుంచీ అతన్ని అందరూ పాముచెవులు అని పిలుస్తారు. నేల కింద పైపు ఎక్కడ కారుతోందో నడుస్తూ నడుస్తూనే చెప్పేసేవాడు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. మెంబ్రేన్లు వచ్చి ఇరవై ఐదుమంది పనివాళ్ళలో పంతొమ్మిదిమందిని తీసేసినప్పుడు అతన్ని నిలబెట్టినవి ఆ చెవులే. ఇప్పుడు అవే ప్రాణం తోడేస్తున్నాయి. వినపడకపోతే ఎంత హాయిగా ఉండేదో అని ఈమధ్య రోజుకోసారి అనుకుంటున్నాడు.

మేనేజరు ఫోను చెవికి ఆనించుకునే వచ్చాడు. చెడ్డవాడని చెప్పడానికి లేదు. పనివాళ్ళ పిల్లలకు జ్వరమొస్తే సెలవిస్తాడు, ఎవరినీ అరే తురే అనడు. కాకపోతే ఆయనకూ పైన ఒకడున్నాడు, ఆ పైవాడికి ఇంకొకడు. అట్టడుగున గేజి ముందు నిలబడ్డవాడు మాత్రం ఒక్కడే. ఫోను జేబులో పెట్టుకుని గేజి వైపు చూసి అడిగాడు.

"నాలుగు నిమిషాలకి ఎక్కడుంది?"

"జారుతోంది గాని గీత పైనే ఉంది సార్. ఆరో నిమిషానికి దిగిపోయింది."

"ఆరో నిమిషం సంగతి నేనడిగానా? నాలుగుకే ఆపు."

"పది నిమిషాలని కదా సార్ రాయాల్సింది."

"రాయి. రాయొద్దని ఎవరన్నారు?"

అతను చెప్పాల్సింది ఈసారీ చెప్పాడు. ఒక్క పూట ర్యాకు ఆపితే గొట్టాలు విప్పుతానన్నాడు, తెగిన పోగులు వెతికి ఒక్కోదాని నోట్లో పిన్ను కొట్టి మూసేస్తానన్నాడు, కొత్త గొట్టాలు వచ్చేదాకా కనీసం అదైనా చేద్దామన్నాడు. మేనేజరు వినలేదని అనలేం. అంతా విన్నాడు, మధ్యమధ్య తల కూడా ఊపాడు. కొత్త గొట్టాల కోసం ఇప్పటికి మూడు ఉత్తరాలు రాశానన్నాడు. అది నిజమే.

"ఒక పూట ఆపితే పై వీధులకి చుక్క ఎక్కదు. ఆగిన ప్రతి గంటకీ కంపెనీకి జరిమానా. తెగిన పోగుకి జరిమానా లేదయ్యా. కాగితం మీద లేనిదానికి ఎవడు వేస్తాడు?"

అదే కిటుకు. నిమిషాలూ అంకెలూ వాటంతటవే తెర మీద నమోదవ్వాలని మొదట్లో అనుకున్నారు. ఆ తెర మొదటి వానలకే చీకటైపోయింది. బాగుచేయించమని ఎవరూ తొందరపడలేదు. అప్పటినుంచీ పట్టణం మొత్తానికీ ఒక కాగితమే దిక్కు. దాని అడుగున ఆపరేటరు సంతకం ఉంటే నీళ్ళు మంచివి, లేకపోతే కావు.

పెన్ను చేతికిస్తూ మేనేజరు గొంతు తగ్గించాడు. పదకొండు నెలల కాంట్రాక్టు ఈ వారంతో అయిపోతోంది, ఆరుగురిలో ఎవర్ని ఉంచాలో రేపు తను లిస్టు పంపాలి, అందులో అతని పేరు మొదట రాశానని చెప్పాడు. బెదిరింపులా చెప్పలేదు. ఇష్టమైనవాడికి శుభవార్త చెప్పినట్టే చెప్పాడు.

అతను సంతకం పెట్టాడు. పట్టిన సమయం, పది నిమిషాలు. ఫలితం, పాస్. పెట్టడం ఇది మొదటిసారి కాదు.

ఇందులో మెంబ్రేనుది తప్పేమీ లేదని చెప్పాలి. అది తెగిన రోజునుంచీ తెగాను మొర్రో అంటూ బుడబుడమని మొత్తుకుంటూనే ఉంది. అబద్ధమాడింది కాగితం. ఆడించినవాళ్ళకు ఆ నీళ్ళు తాగాల్సిన అవసరం లేదు. ఆఫీసుకి సీలువేసిన నీళ్ళ డబ్బాలొస్తాయి.

రెండింటికి దిగాల్సినవాడు మూడు దాటాక షిఫ్టు దిగి బయటికొచ్చేసరికి గేటు దగ్గర పారమేస్త్రి నిలబడి ఉన్నాడు. పాత ఫిల్టర్లలో పారతో ఇసుక తిరగేసిన మనిషి, పదిహేనేళ్ళ తోటివాడు. తీసేసిన పంతొమ్మిదిమందిలో ఒకడు. వారానికోసారి వచ్చి ఖాళీ ఉందా అని అడిగిపోతాడు. ఇవాళ అది కూడా అడగలేదు. "లిస్టు రేపేనటగా?" అని మాత్రం అన్నాడు. ఆ గొంతులో పగ లేదు, ఆశ ఉంది. ఎవరో ఒకరి పేరు పోతే తప్ప ఆ ఆశ తీరదు. అది ఇద్దరికీ తెలుసు. అందుకే ఎండ గురించి రెండు మాటలు మాట్లాడుకుని విడిపోయారు.

అతనుండే చోటు ఏడు ఇళ్ళ వాకిలి. ఏడింటికీ మధ్యలో ఒకటే పంపు. పొద్దున గంటసేపు, సాయంత్రం నాలుగింటికి గంటసేపు నీళ్ళొస్తాయి. మెంబ్రేను హాలు తెరిచిన రోజున పట్టణమంతా పోస్టర్లు అంటించారు. పంపు కింద పెట్టు, గ్లాసు ఎత్తు, తాగు అని రాసి పక్కన నవ్వుతున్న పాప బొమ్మ వేశారు. పోస్టరు చూసి ఈ వాకిట్లో ఎవరూ నమ్మలేదు. పోస్టర్ల మీద వాళ్ళకున్న నమ్మకం అంతంత మాత్రమే. నమ్మింది అతన్ని. నీళ్ళన్నయ్య అక్కడే పని చేస్తాడు, ఆయనకి తెలీనిదేముంది అన్నారు. ఆ రోజు అతను ఒక పోగు ముక్క జేబులో వేసుకొచ్చి, అరచేతిలో పెట్టి అందరికీ చూపించాడు. దీన్ని దాటి క్రిమి రాలేదు, ఇకమీదట నీళ్ళు కాచడానికి గ్యాసు తగలేయకండి అని చెప్పాడు. అప్పటికది నిజం కూడాను. ఇరవై ఎనిమిది రోజులొచ్చే సిలిండరు నలభై రోజులు రావడం మొదలైంది. క్లోరిన్ సగానికి తగ్గించేసరికి ఆ వాసన కూడా పోయింది. పిల్లలు మొహం చిట్లించకుండా తాగుతుంటే అతనికి గర్వంగా ఉండేది. ఆ గర్వాన్ని తప్పుబట్టలేం. జీవితమంతా బురదలో నిలబడి పని చేసినవాడికి నలుగురిలో ఒక మాట చెల్లడం చిన్న సంగతేమీ కాదు.

ఇంట్లోకి అడుగుపెట్టేసరికి ఆవిరి మొహానికి కొట్టింది. వంటగది కిటికీ మూసి ఉంది. బోల్టు కూడా పెట్టి ఉంది. భార్య ఇస్త్రీ దుకాణం నుంచి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా స్టవ్వు ముందు కూర్చుంది. గిన్నెలో నీళ్ళు తెర్లుతున్నాయి. మధ్యాహ్నం వాకిలి నిద్రపోయే వేళ చూసి, తలుపూ కిటికీ బిగించి, దొంగసరుకు కాచినట్టు రోజూ మంచినీళ్ళు కాస్తోంది. ఎనిమిదేళ్ళ కూతురికి బడికి సీసాలో పోసి పంపేది అవే. ఎవరికీ చెప్పొద్దని పిల్లకి ఎలా నేర్పిందో అతను అడగలేదు. అడిగితే జవాబు వినాల్సి వస్తుంది.

ర్యాకు ఊపిరి నిలపని మొదటి రోజున ఇంటికొచ్చి అతనే చెప్పాడు, కాచమని. ఎవరి చెవినా పడకూడదనీ అతనే చెప్పాడు. నాలుగు రోజుల్లో బాగుచేస్తారు, ఈలోగా ఎందుకు అందర్నీ కంగారుపెట్టడం అన్నాడు. చేరేటప్పుడు లోపలి సంగతి బయట మాట్లాడనని కంపెనీ కాగితం మీద సంతకం పెట్టించుకుంది. మాట బయటికొస్తే ఉద్యోగం పోవడమే కాదు, పుకార్లు పుట్టించాడని కేసు కూడా పెడతారు. ఆ నాలుగు రోజులు అలా అలా సాగుతూనే ఉన్నాయి.

పక్కింటి టైలరమ్మాయి కూతురికి పద్నాలుగు నెలలు. ఆ పిల్లకి విరేచనాలు పట్టుకుని తగ్గడం లేదు. పసిపిల్లలకి వంద కారణాలుంటాయి, పళ్ళొచ్చేటప్పుడు ఉంటాయి, ఎండదెబ్బకి ఉంటాయి. ఈ మాట అతను భార్యకు చాలాసార్లు చెప్పాడు. అబద్ధమని కూడా ఎవరూ అనలేరు. కానీ మూడు రోజుల కిందట ఇంకో సంగతి జరిగింది.

డాక్టరు ఉప్పూ చక్కెరా కలిసిన పొడి పొట్లాలిచ్చి, నీళ్ళలో కలిపి గంటగంటకీ పట్టమన్నాడు. టైలరమ్మాయికి చదువొచ్చు. పొట్లం మీద రాసింది చదివింది. ఆ సాయంత్రం పంపు దగ్గర నలుగురిలో అతన్ని అడిగింది. "కాచి చల్లార్చిన నీళ్ళు అని రాశాడన్నయ్యా ఇందులో. మనకి కాచే పన్లేదు కదా? పంపువి కలిపేయొచ్చా?" అతను బిందె సర్దుతున్నట్టు వంగాడు. నలుగురూ వింటున్నారు. తలెత్తకుండానే "ఆ" అన్నాడు. అది మాట కాదు, గొంతులో చిన్న చప్పుడు. ఆమెకు అది చాలింది. లోపలినుంచి భార్య విన్నది. ఆ రోజునుంచీ ఆమె అతనికి అన్నం పెడుతోంది, అడిగినదానికి జవాబిస్తోంది, అంతకుమించి ఒక్క మాట లేదు.

ఇవాళ స్టవ్వు కట్టేసి, గిన్నె మీద మూతపెట్టి, తనంతట తనే మాట్లాడింది. పొద్దున ఆ అమ్మాయి ఎదురుపడిందట. అందరి పిల్లలకీ ఏదో ఒకటి అవుతోంది, మీ పాప మాత్రం చక్కగా ఉంది, ఏం పెడుతున్నావు వదినా, నాకూ చెప్పు అని అడిగిందట.

"ఏం చెప్పావు?" అన్నాడు.

"దిష్టి పెట్టకే తల్లీ అని నవ్వేశాను." ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "నవ్వానండీ. ఆ పిల్ల మొహంలోకి చూసి నవ్వాను."

అతను గోడకు ఆనుకుని కూలబడ్డాడు. రేపటి లిస్టు సంగతి చెప్పాడు. గేటు దగ్గర పారమేస్త్రి నిలబడ్డ సంగతి చెప్పాడు. పద్నాలుగు వేల జీతం పోతే, ఆమె ఇస్త్రీ డబ్బులతో అద్దె కూడా వెళ్ళదన్నాడు. ఇవన్నీ ఆమెకు తెలుసు. తెలిసినవాటినే ఒకటి తర్వాత ఒకటి చెప్పుకుంటూ పోయాడు. చెబుతున్నకొద్దీ తన గొంతు తనకే మేనేజరు గొంతులా వినిపించి ఆగిపోయాడు.

అప్పుడే తలుపు తట్టారు.

భార్య ఒక్క క్షణం కిటికీ వైపు చూసింది. తర్వాత వెళ్ళి తలుపు తీసింది. టైలరమ్మాయి గుమ్మంలో ఉంది. పిల్ల భుజం మీద తడిగుడ్డలా వాలి ఉంది. ఏడవడం కూడా లేదు. రెండో చేతిలో ఖాళీ సీసా, పొడి పొట్లం. బిందె ఖాళీ అయిపోయింది, పంపు రావడానికి ఇంకా కాసేపుంది, ఒక లీటరు నీళ్ళుంటే ఇమ్మంది.

భార్య సీసా తీసుకుని లోపలికెళ్ళింది. నిన్న కాచి చల్లారబెట్టిన గిన్నెలోంచి నింపింది. తెచ్చి ఇచ్చింది గాని, సీసా వదల్లేదు. ఇద్దరి చేతులూ దాని మీదే ఉన్నాయి.

"ఇకమీదట దీనికి నీళ్ళు నా దగ్గరే పట్టుకెళ్ళు. పంపువి కలపకు."

"ఎందుకు వదినా?"

అతను దగ్గాడు. ఆ దగ్గుకు అర్థమేమిటో పన్నెండేళ్ళుగా కాపురం చేస్తున్న మనిషికి తెలియకపోదు. ఆమె వెనక్కి తిరగలేదు.

"ఇవి కాచినవి."

టైలరమ్మాయి నవ్వబోయింది. "మీకేం పట్టింది వదినా, అన్నయ్యని ఇంట్లో పెట్టుకుని..." అంటూనే ఆగింది. ఆమె చూపు వంటగదిలోకి పోయింది. మూసిన కిటికీ, గోడల మీద చెమట పట్టినట్టున్న ఆవిరి, స్టవ్వు మీద మూతపెట్టిన గిన్నె. ఒక్కోటీ చూసుకుంటూ వచ్చి అతని దగ్గర ఆగింది.

"ఎన్నాళ్ళనుంచి కాస్తున్నారు?"

భార్య సీసా వదిలింది. ఆ జవాబు తను చెప్పాల్సింది కాదన్నట్టు పక్కకు జరిగి నిలబడింది. ఇప్పుడు టైలరమ్మాయికీ అతనికీ మధ్య ఎవరూ లేరు.

"ఇరవై రెండు రోజులనుంచి," అన్నాడు.

ఆమె అరవలేదు. పిల్లని ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంది. "దీనికి మొదలై తొమ్మిది రోజులు," అంది, తనలో తను అనుకుంటున్నట్టు. "మొన్న నిన్ను అడిగానన్నయ్యా," అంది. నాలుగు తిట్లు తిట్టి చెంప పగలగొట్టినా బాగుండేదని అతనికి అనిపించింది.

బయట పంపు బుస్సుమంది. నీళ్ళకు ముందు వచ్చే గాలి అది. వాకిట్లో తలుపులు ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి, బిందెలు చప్పుడు చేశాయి. టైలరమ్మాయి గుమ్మం దాటి రెండడుగులు వేసి, "ఆ నీళ్ళు తాగకండి, కాచుకోవాలట," అంది. ఆమె గొంతులో బలం లేదు. మొదటి బిందె పెట్టినావిడ జాలిగా చూసింది. నిద్ర లేక అలా మాట్లాడుతున్నావు, లోపలికెళ్ళి కాసేపు పడుకోవే అంది. చివరింటి ముసలామె మాత్రం, నీళ్ళన్నయ్య చెప్పాడా ఆ మాట అని అడిగింది.

టైలరమ్మాయి వెనక్కి తిరిగింది.

"నేను చెబితే వినరన్నయ్యా. నువ్వొచ్చి చెప్పు."

అతను లేవలేదు. రేపు పొద్దున ఈ మాట ఏ నోటి నుంచి ఏ నోటికి పాకుతుందో, ఎన్ని గంటలకు మేనేజరు ఫోను మోగుతుందో అతనికి తెలుసు. ముందు లిస్టులో మొదటి పేరు కొట్టేస్తారు. సాయంత్రానికి పారమేస్త్రికి కబురు వెళుతుంది. ఎల్లుండి పారమేస్త్రి నాలుగో ర్యాకు ముందు నిలబడతాడు. అతని చేతికీ ఆ పెన్నే ఇస్తారు. ఇల్లుగలాయన అద్దె కోసం ఒకటో తారీఖునే వస్తాడు. కూతురి బడి ఫీజు ఇంకా సగం కట్టాలి. ఇదంతా నాలుగు గోడల్లా అతని చుట్టూ ఉంది. ఏ వైపు తోసినా కదిలేది కాదు.

భార్య వంటగదిలోకెళ్ళి కిటికీ బోల్టు తీసింది. రెక్కలు తెరుచుకున్నాయి, లోపలి ఆవిరి వాకిట్లోకి పోయింది.

అతను గోడ పట్టుకుని లేచాడు. గుమ్మం దాకా వచ్చి చౌకట్టు పట్టుకున్నాడు. ఆరేడు బిందెలు, వాటి వెనక ఆరేడు మొహాలు. అందరూ అతన్నే చూస్తున్నారు. ఏ మొహంలోనూ అనుమానం లేదు, అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. నోరు తెరిచాడు. పంపు కిందున్న బిందె నిండి పొర్లుతోంది.

"ఏంటన్నయ్యా, అలా నీళ్ళు నములుతావు?" అంది మొదటి బిందె ఆవిడ నవ్వుతూ. "చెప్పు మరి."

అతను మెట్టు దిగి వాకిట్లోకి వచ్చాడు.

"కాచుకోండి," అన్నాడు.